ముసురు పట్టకముందే కిటికీ పట్టీల సంగతి చూసుకోండి

తిరుపతి, చిత్తూరు వైపు ఇళ్లకు అసలు పరీక్ష అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటిన వేడికి బయటి చెక్క ఎండి నెర్రెలిస్తుంది. ఈశాన్య రుతుపవనాల ముసురు మొదలవగానే ఆ నెర్రెల్లోకి నీళ్లు దిగుతాయి. రంగు బాగానే కనిపిస్తుంది, వేలితో నొక్కితే లోపల మెత్తగా ఉంటుంది.

2021 నవంబరులో తిరుపతి వీధులన్నీ ఏరులై పారాయి కదా, మా కిటికీల చుట్టూ కొట్టించిన పట్టీలు ఆ వానలకే ఉబ్బి, పొరలు పొరలుగా విడిపోయాయి. అవి ఎండీఎఫ్ పట్టీలు. నున్నగా ఉంటుంది, రంగు బాగా పడుతుందని అమ్మినాయన చెబితే నమ్మాను. రంగు పడే మాట నిజమే. కానీ అది చెక్క పీచును జిగురుతో అదిమి చేసిన సరుకు. నీళ్లు తగిలే చోట వాడకూడదు. దయచేసి మీరు ఆ పొరపాటు చేయకండి.

చెక్కే కావాలంటే చేవ (మాను నడిమి గట్టి చెక్క) ఉన్నది చూసుకోండి. టేకైనా, వేపైనా అంచున తెల్లచెక్క ఉంటే చెదలు ముందు అక్కడే పడతాయి. పచ్చి చెక్క వద్దు, రంగు వేశాక ఆరి వంకర తిరుగుతుంది. టేకులో నూనె ఉంటుంది కాబట్టి రంగు కింద పూసే ప్రైమర్‌కు ముందు థిన్నర్ గుడ్డతో తుడిపించండి. ప్లైవుడ్ అయితే ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ రకమే (నీళ్లకు ఆగేది) తీసుకోండి. అదైనా అంచులు మూయకుండా వదిలితే పాడవుతుంది.

పీవీసీ (ప్లాస్టిక్), డబ్ల్యూపీసీ (చెక్కపొడి కలిపిన ప్లాస్టిక్) పట్టీలకు చెదల టెన్షన్ లేదు. వాటికి ఎండతోనే ఇబ్బంది. వేడికి సాగుతాయి, అందుకే అతుకుల దగ్గర కాస్త సందు వదలాలి. పడమటి గోడకు ముదురు రంగు వేస్తే పట్టీ వంగిపోవచ్చు, లేత రంగే మేలు. సిమెంట్ ఫైబర్ బోర్డు ఎండకీ వానకీ బాగా ఆగుతుంది, కానీ కోసేటప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తులకు చాలా చెడ్డది. వడ్రంగి ఆచారికి మంచి మాస్కు మీరే కొనివ్వండి, నీళ్లు చల్లుతూ కోయమనండి.

నా మటుకు, ఏది కొన్నామన్నదాని కంటే కోసిన చివరలను ఎలా మూశామన్నదే ముఖ్యం. చెక్క ఎక్కువగా నీళ్లు తాగేది ఆ చివరల నుంచే. పట్టీని గోడకు కొట్టకముందే వెనకవైపుతో సహా అన్ని వైపులా ప్రైమర్ పూయించండి. కొట్టాక వెనక పూయడం కుదరదు. “గోడకు ఆనుకునేదే కదా సార్, ఎవరు చూస్తారు” అంటారు పనివాళ్లు, ఒప్పుకోకండి. కిటికీ కింది పట్టీకి బయటికి వాలు ఉండాలి. సందులు పూడ్చడానికి మామూలు సిలికాన్ వద్దు, దాని మీద రంగు నిలవదు. రంగు పట్టే సీలెంట్ అని అడగండి. మేకులు, స్క్రూలు తుప్పు పట్టని రకం కావాలి.

పాత ఇల్లయితే ఇంకో జాగ్రత్త. రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన ఎనామెల్‌లో సీసం ఉండొచ్చు. దాన్ని పొడిగా గీకించకండి, తడిపి గీకించండి. పిల్లల్ని, గర్భిణుల్ని ఆ దగ్గరికి రానివ్వొద్దు.

ఈ పనులన్నీ సెప్టెంబరులో ఎండ కాసే రోజులు చూసి ముగించండి. రాత్రి వాన పడితే పొద్దున్నే రంగు పని పెట్టుకోకండి. చెక్క పూర్తిగా ఆరాలి, రెండు మూడు రోజులు ఆగినా నష్టం లేదు.