మీ సిబిల్ బాగుంది, మీవారిది బాగాలేదు: జాయింట్ హోమ్ లోన్‌లో వచ్చే చిక్కులు, వాటికి దారులు

గుంటూరులో ఫ్లాట్ చూసుకున్నప్పుడు నా సిబిల్ స్కోరు, అంటే అప్పులు సరిగ్గా కట్టే తీరుకు వచ్చే మార్కు, 781, మా ఆయనది 612. ఇద్దరి జీతాలూ కలిపితే మేం అడిగిన లోన్ రావాల్సిందే. కానీ ఫైల్ వెనక్కొచ్చింది. ఆ రోజుల్లో మేం పడ్డ టెన్షన్ ఇంకొకరు పడకూడదని ఇది రాస్తున్నాను.

ముందు ఒక భయం తీసేయాలి. పెళ్లయినంత మాత్రాన ఇద్దరి స్కోర్లూ కలిసిపోవు. పాన్ కార్డు ఎవరిది వారిదే, అప్పుల చరిత్రంతా ఉండే క్రెడిట్ రిపోర్టూ ఎవరిది వారిదే. ఒకే అప్పు మీద ఇద్దరూ సంతకం పెట్టినప్పుడే ఒకరి పాత బాకీ రెండోవారికి తగులుతుంది.

సమస్య: నాకొక్కదానికైతే ఇస్తామంటున్నారు, జాయింట్‌గా పెడితే కుదరదంటున్నారు

కారణం: జాయింట్ ఫైల్‌లో సంతకం పెట్టే అందరి రిపోర్టులూ తీస్తారు. సాధారణంగా సగటు చూసి సరిపెట్టరు, తక్కువ స్కోరున్నవారి దగ్గరే ఫైల్ ఆగుతుంది.

ఏం చేయాలి: స్కోరు అంకె చూసి బెంగపడకుండా రిపోర్టు మొత్తం తెరవండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్, రిపోర్టులు తయారుచేసే ఈ నాలుగు సంస్థలూ ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మన రిపోర్టు మనమే చూసుకుంటే స్కోరు తగ్గదు. అది వట్టి అపోహ.

మేం ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాల బల్ల మీద మా ఆయన రిపోర్టు పరిచి ఒక్కో అకౌంటూ చదివాం. బైక్ లోన్ శుభ్రంగా ఉంది. కింద ఒక క్రెడిట్ కార్డు, దాని పక్కన ‘రిటెన్ ఆఫ్’ అని, అంటే వసూలు కాని బాకీగా బ్యాంకు రాసేసుకుందని ఉంది. హైదరాబాద్‌లో మొదటి ఉద్యోగంలో తీసుకున్న కార్డు అది, ఒక్కసారి కూడా గీకలేదు. రూము మారాక బిల్లులు పాత అడ్రసుకే వెళ్లాయి. 590 రూపాయల వార్షిక రుసుము, వడ్డీలూ లేటు ఫీజులూ కలుపుకొని 11 వేలు దాటింది. ఆయనకు అది గుర్తు కూడా లేదు. ‘నాకెందుకు చెప్పలేదు’ అని నేను అరవబోయి, ఆయన ముఖం చూసి ఆగిపోయాను.

వసూళ్ల ఏజెంటు మూడు వేలిస్తే సెటిల్ చేస్తానన్నాడు. సంబరపడి బాబాయికి ఫోన్ చేశాను, ఆయన బ్యాంకులో చేసి రిటైరయ్యారు. “సెటిల్‌మెంట్ వద్దమ్మా. మొత్తం కట్టేసి క్లోజ్ చేయించు. సెటిల్డ్ అని పడితే, సగం ఎగ్గొట్టినవాడి కిందే చూస్తారు” అన్నారు. మొత్తం కట్టాం. బాకీ లేదన్న పత్రం తీసుకున్నాం. కట్టగానే స్కోరు ఎగరదు, ఆలస్యమైన నెలల గుర్తులు కొంతకాలం ఉంటాయి. కానీ బాకీ సున్నా అని కనిపించడమే పెద్ద మార్పు.

ఆగే వీలు లేకపోతే, మంచి స్కోరున్నవారు ఒక్కరే అప్లై చేయొచ్చు. అప్పుడు లోన్ మొత్తం తగ్గుతుంది, ఒక్క జీతమే లెక్కలోకి వస్తుంది. ఇంకో ముఖ్యమైన సంగతి: రిజిస్ట్రేషన్‌లో ఇద్దరి పేర్లూ ఉంటే బ్యాంకులు సాధారణంగా ఇద్దరినీ లోన్‌లోకి రమ్మంటాయి. కాబట్టి పేరెవరిది అన్నది సేల్ అగ్రిమెంట్ నాటికే తేల్చుకోవాలి. పాత పన్ను విధానంలో గృహరుణ వడ్డీ మీద తలా 2 లక్షల దాకా మినహాయింపు కావాలంటే ఇద్దరూ యజమానులూ, రుణగ్రహీతలూ అయి ఉండాలి. ఈఎంఐలో సగం కడుతూ కాగితం మీద పేరు లేకుండా ఉండటానికి మాత్రం, ఆడవాళ్లయినా మగవాళ్లయినా, తొందరపడి ఒప్పుకోవద్దని నా మాట.

సమస్య: లోన్ వచ్చింది, వడ్డీ ఎక్కువ వేశారు

కారణం అదే, తక్కువ స్కోరు. అర శాతమే కదా అనుకోకండి. 50 లక్షలు, 20 ఏళ్లకు 8.5 శాతమైతే ఈఎంఐ దాదాపు 43,390. 9 శాతమైతే 44,985. మొత్తం మీద తేడా 3.8 లక్షలు. స్కోరు మెరుగయ్యాక వడ్డీ తగ్గించమని బ్యాంకును రాతపూర్వకంగా అడగండి. ఒప్పుకోకపోతే వేరే బ్యాంకుకు మార్చుకోండి. ఫ్లోటింగ్ (మారుతూ ఉండే) వడ్డీ గృహరుణాన్ని ముందే తీర్చినా వ్యక్తులకు పెనాల్టీ ఉండదు.

సమస్య: నేనేమీ ఎగ్గొట్టలేదు, అయినా నా స్కోరు పడిపోయింది

జాయింట్ లోన్ ఈఎంఐ ఆయన ఖాతాలో బౌన్స్ అయితే ఇద్దరి రిపోర్టులోనూ పడుతుంది. హామీ సంతకం పెట్టినా అంతే. మీ కార్డు మీద ఆయనకు యాడ్-ఆన్ కార్డు ఇప్పిస్తే ఆ బిల్లు మీదే. ఈఎంఐ కోసం విడిగా ఒక ఖాతా పెట్టి, జీతాలు పడగానే ఇద్దరూ మీ వాటా అందులో వేసేయండి. విడాకులైనా బ్యాంకు దృష్టిలో ఇద్దరూ బాకీదారులే.

సమస్య: ఊళ్లో పంట రుణం

రుణమాఫీ వస్తుందని ఆగి, రెన్యూవల్ చేయించని ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. స్వల్పకాలిక పంటలకు రెండు పంట కాలాలు బాకీ ఆగితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అవుతుంది, రిపోర్టులోనూ అలాగే పడుతుంది. మాఫీ మాట ఎలా ఉన్నా, బ్రాంచికి వెళ్లి వడ్డీ కట్టి రెన్యూ చేయించండి.

సమస్య: మనది కాని అప్పు రిపోర్టులో ఉంది

ఆ రిపోర్టు ఇచ్చిన సంస్థ వెబ్‌సైట్‌లోనే ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం రావాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన ఉంది. డబ్బు తీసుకుని సిబిల్ క్లియర్ చేస్తామనే వాళ్ల జోలికి వెళ్లకండి.

సమస్య: అడ్వాన్స్ కట్టేశాం, లోన్ రాలేదు

రిపోర్టులు చూడకుండా అడ్వాన్స్ ఇవ్వడమే మేం చేసిన పొరపాటు. లోన్ రాకపోతే అడ్వాన్స్ వాపసు ఇస్తామని సేల్ అగ్రిమెంట్‌లో రాయించుకోండి. మాకది రాసి లేదు. లక్షలో నలభై వేలు వెనక్కొచ్చాయి. ఎనిమిది నెలల తర్వాత రెండోసారి ఫైల్ పెట్టినప్పుడు మా ఆయన స్కోరు 704. ఆ మొదటి ఫ్లాట్‌లో అప్పటికే వేరేవాళ్లు గృహప్రవేశం చేసుకున్నారు.