నడక వేరు, పరుగు వేరు: ఎంపికల పరుగుకు ముందు జాగ్రత్తలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పోలీసు, సైనిక ఎంపికలకు సిద్ధమయ్యే కుర్రాళ్లు చాలామంది ఎండాకాలంలోనే మైదానాల బాట పడతారు. చిన్నప్పటి నుంచి పొలానికీ బడికీ నడిచిన కాళ్లే కదా, కాస్త వేగం పెంచితే చాలునన్న ధీమాతో దిగి, పదిరోజులు తిరక్కుండానే కుంటుతూ ఇంటికి చేరేవారు వారిలో తక్కువేమీ కాదు.

నడకలో ఏదో ఒక పాదం ఎప్పుడూ నేల మీదే ఉంటుంది. నిటారుగా నిలిచిన కాలి మీదుగా మొండెం తలకిందులు చేసిన లోలకంలా లేచి ముందుకు వాలుతుంది కనుక, లేచినప్పుడు చేరిన శక్తి వాలినప్పుడు వేగం రూపంలోకి మారి కండరాల శ్రమను బాగా తగ్గిస్తుంది. పరుగు అలా కాదు, అది వరుస గెంతులు. అడుగుకూ అడుగుకూ నడుమ రెండు పాదాలూ గాలిలో ఉంటాయి, ఆ వెంటనే ఒళ్లంతా ఒంటికాలి మీద దిగుతుంది, మడమ వెనుక స్నాయువు (పిక్క కండరాన్ని మడమ ఎముకకు కలిపే పట్టీ) స్ప్రింగులా సాగి తిరిగి తంతుంది. నడకలో పాదం మీది తాకిడి శరీర బరువు కంటే కొద్దిగానే ఎక్కువ. పరుగులో రెండు నుంచి మూడు రెట్లు. అంటే 60 కిలోల మనిషి కాలు 120 నుంచి 180 కిలోల భారాన్ని కాయాలి. కళింగపట్నం ఒడ్డున తడి ఇసుకలో నడిచి, పక్కనే పరుగెత్తి చూస్తే, నడక జాడ చదునుగా పడుతుంది, పరుగు జాడలో మునివేళ్ల దగ్గర గుంట పడి ఇసుక వెనక్కి చిమ్మి ఉంటుంది.

వేగంగా నడిచి గట్టెక్కడమూ కుదరదు. గంటకు సుమారు 7 కిలోమీటర్లు దాటితే శరీరం తనంతట తానే పరుగందుకుంటుంది; పోలీసు ఎంపికల్లోని 1,600 మీటర్ల పరుగును 8 నిమిషాల్లో ముగించాలంటే గంటకు 12 కిలోమీటర్ల వేగం కావాలి.

కాబట్టి తొలి వారాల్లో నాలుగు నిమిషాల నడకకు ఒక నిమిషం పరుగు చొప్పున మొదలుపెట్టి, పరుగు వాటాను మెల్లగా పెంచుకోవాలి. గుండె, ఊపిరి త్వరగా అలవాటు పడతాయి, ఎముకకు అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. ఆయాసం తగ్గిందని దూరాన్ని రెట్టింపు చేయడమే అసలు ప్రమాదం. మోకాలి కింద ముందువైపు ఎముకను వేలితో నొక్కినప్పుడు ఒకే చోట చురుక్కుమంటే పరుగు ఆపి వైద్యుడికి చూపించాలి. పొడి ఇసుకలో పరుగుకు గట్టి నేల మీద కంటే సుమారు 1.6 రెట్ల శక్తి ఖర్చవుతుంది కనుక, నాగావళి ఇసుక తిన్నెలను మొదటి నెలలో వదిలేయడమే మేలు.

వేడి సంగతి మరీ ముఖ్యం. పరుగులో కిలో బరువుకు, కిలోమీటరుకు దాదాపు ఒక కిలోక్యాలరీ ఖర్చవుతుంది, అందులో మూడొంతులకు పైగా వేడిగానే మిగులుతుంది. మన తీరపు ఉక్కపోతలో చెమట ఆరదు, కారిపోతుంది. కారిన చెమట ఒంటిని చల్లబరచదు. తెల్లవారకముందే పరుగు ముగించి, ఉప్పు కలిపిన చోడి అంబలో మజ్జిగో తాగాలి. మాట తడబడినా, అడుగు తూలినా నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి విసురుతూ 108కి ఫోన్ చేయాలి.

గీత దాటగానే కూలబడకూడదు. పరుగులో కాళ్లలోకి చేరిన రక్తాన్ని పిక్కలే పైకి తోస్తుంటాయి కనుక, అవి ఒక్కసారిగా ఆగితే కళ్లు తిరుగుతాయి. అయిదు నిమిషాలైనా నడిచి, ఆ తరువాతే కూర్చోవాలి.