జూలియా ప్యాకేజీ లోడ్ కాకుండా మొరాయిస్తుంటే

జూలియా ప్రోగ్రామింగ్ భాషలో ప్యాకేజీ (రెడీమేడ్ కోడ్) వాడుకుందామని యూజింగ్ అని కొట్టగానే ‘ఫెయిల్డ్ టు ప్రీకంపైల్’ (ముందస్తు కంపైల్ కుదరలేదు) అని ఎర్రర్ వస్తోందా? జూలియాని తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయకండి, డేటా దండగ.

జూలియా మూసేసి, హోమ్ ఫోల్డర్‌లో డాట్ జూలియా (.julia) ఫోల్డర్ తెరవండి. లినక్స్‌లో అది కనబడకపోతే ఫైల్ మేనేజర్‌లో కంట్రోల్ హెచ్ నొక్కండి. అందులో కంపైల్డ్ (compiled) ఫోల్డర్, దానిలో మీ జూలియా వెర్షన్ నంబరున్న ఫోల్డర్ తెరవండి. అక్కడ ఎర్రర్‌లో చెప్పిన ప్యాకేజీ ఫోల్డర్ ఒక్కటే డిలీట్ చేయండి. కంపైల్డ్ పక్కనున్న ప్యాకేజెస్ (packages) ఫోల్డర్ జోలికి మాత్రం వెళ్లొద్దు. జూలియాని మళ్లీ తెరిచి, మూసే చదరపు బ్రాకెట్ ( ] ) నొక్కి ప్రీకంపైల్ (precompile) అని కొట్టండి, అంతే.

అమీర్‌పేట హాస్టళ్లలో చాలామంది దగ్గరుండే 8 జీబీ ల్యాప్‌టాప్ అయితే ఆ టైంలో బ్రౌజర్ మూసేయండి. ఒకేసారి చాలా ప్యాకేజీలు కంపైల్ అవుతాయి కదా, మెమరీ చాలక మధ్యలో ఆగిపోవచ్చు.

ప్యాకేజీకి మీ జూలియా వెర్షనే పడకపోతే ఇది పనిచేయదు, అదే ఎర్రర్ మళ్లీ వస్తుంది. అప్పుడు అదే బ్రాకెట్ నొక్కి అప్‌డేట్ (update) అని కొట్టి చూడండి.