హెలికాప్టర్ సర్వే పటంలో నీటి పొరను ఎలా గుర్తించాలి

హెలికాప్టర్ సర్వే పటం చేతికి రాగానే అందరూ నన్ను అడిగేది ఒకటే: "మేడమ్, ఈ రంగున్న చోట నీళ్లున్నట్టేనా?" తొందరపడకండి. ఆ పటంలో ఉన్నది రెసిస్టివిటీ, అంటే నేల కరెంటును ఎంత అడ్డుకుంటుందన్న లెక్క. నీటి సంగతి దాన్నుంచి మనమే తేల్చుకోవాలి.

హెలికాప్టర్ కింద వేలాడే పెద్ద చట్రంలో తీగచుట్ట ఉంటుంది. అందులోకి కరెంటు పంపి ఠక్కున ఆపేస్తారు. ఆపగానే నేలలో సుడులు తిరుగుతూ పుట్టే కరెంటు ప్రవాహాలు కిందికి దిగుతూ బలహీనపడతాయి. మొదటి మైక్రోసెకన్లలో అందే సంకేతం పైపొరలది, మిల్లీసెకన్లకు అందేది లోతు పొరలది. చట్రం నేలకు 30, 40 మీటర్ల ఎత్తులోనే ఉండాలి. అంతకన్నా పైకి పోతే సంకేతం పలచబడుతుంది.

అసలు పని హెలికాప్టర్ రాకముందే మొదలవుతుంది. ఊళ్లలో తిరిగి బోర్ల వివరాలు రాసుకోండి. మన గ్రానైట్ నేలల్లో రైతును, రిగ్గు వాళ్లను తప్పకుండా అడగాల్సింది: "కేసింగ్ ఎన్ని అడుగులు దిగింది?" గట్టి బండ తగిలేదాకా కేసింగ్ వేస్తారు కాబట్టి, ఆ లెక్క మొరం పొర మందానికి దగ్గరగా ఉంటుంది. పటాన్ని సరిచూసుకోవడానికి దీన్ని మించిన ఆధారం నాకు దొరకలేదు. ఎగిరే గీతలను డోలరైట్ డైకులకు, అంటే బండలోకి గోడలా చొచ్చుకొచ్చిన నల్లరాతి పట్టీలకు, అడ్డంగా వేయించండి. డైకు వెంబడి ఎగిరితే దాని అంచులు సరిగా తెలియవు.

ఇక పెద్ద తలనొప్పి కరెంటు తీగలు. హైటెన్షన్ లైన్లు, రైలు పట్టాలు, ఇనుప కంచెలు ఉన్నచోట వచ్చేది నేల సంకేతం కాదు. వాటికి 100, 150 మీటర్ల లోపు డేటాను మొహమాటం లేకుండా తీసేయండి. పొలం పొలానికీ మోటారు లైన్లున్న తెలంగాణ, రాయలసీమ ఊళ్లలో పటం మీద ఖాళీలు బాగానే మిగులుతాయి. మిగలనివ్వండి. ఆ ఖాళీని సాఫ్ట్‌వేర్‌తో పూడ్చి రైతు చేతికిస్తే, అప్పు చేసి బోరు వేసేది ఆయనే.

అంకెలు చదివేటప్పుడు ఆ ఊరి రాయిని మనసులో పెట్టుకోండి. చెదరని గ్రానైట్ రెసిస్టివిటీ వెయ్యి ఓమ్ మీటర్లు (దాని కొలమానం) దాటుతుంది. నీళ్లు పట్టిన మొరం చాలాచోట్ల పదుల్లోనే ఉంటుంది. చిక్కేమిటంటే బంకమట్టీ, ఉప్పునీరూ కూడా తక్కువే చూపిస్తాయి. అందుకే పక్క బోరు నీటి ఉప్పదనం కొలవకుండా "ఇక్కడ మంచినీళ్లు" అని రాయొద్దు. గంగా మైదానంలో లెక్క తిరగబడుతుంది: అక్కడ ఎక్కువ రెసిస్టివిటీ ఉన్న ఇసుక పొరల్లోనే మంచినీళ్లుంటాయి. ప్రయాగ్‌రాజ్ దగ్గర గంగా యమునల మధ్య పూడిపోయిన దాదాపు 45 కిలోమీటర్ల పాత నదీమార్గం హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్ల హెలికాప్టర్ సర్వేలో బయటపడింది.

బండలోని సన్నని పగులు మాత్రం, ముఖ్యంగా లోతున ఉంటే, గాలిలోంచి విడిగా కనబడదు. మొరం మందం, దాని కింద చితికిన రాతి పొర, బండ పల్లంగా దిగిన చోట్లు తెలుస్తాయి. పగులు కోసం ఆ చోటుకే నడిచి వెళ్లి నేల మీద సర్వే చేయించాలి. ప్రతి నిలువుకోతలో, అంటే నేలను నిలువుగా కోసినట్టు లోతు పొరలు చూపే బొమ్మలో, నమ్మదగిన లోతు ఎంతవరకో చూపే గీత కూడా అడిగి తీసుకోండి. ఉప్పునేలల్లో అది బాగా పైకి వచ్చేస్తుంది. దాని కింద రంగు ఎంత ముచ్చటగా ఉన్నా పట్టించుకోవద్దు.

చివరిగా, పరీక్ష బోర్లు రెండు రకాల చోట్ల వేయండి: పటం బాగుందన్న చోట ఒకటి, బాగా లేదన్న చోట ఒకటి. ప్రతి మీటరుకూ రాతి పొడి పక్కన తీసి పెట్టించండి. రెండో బోరుకు డబ్బు దండగని ఆఫీసులో అంటారు. అయినా పట్టుబట్టి వేయించండి, ఆ రెండు ఫలితాలతో పటాన్ని మళ్లీ లెక్కగట్టాకే ఊరికి ఇవ్వండి.