చేతికి మాత్రమే మత్తు ఇచ్చి ఆపరేషన్ చేసినప్పుడు: అదేరోజు ఇంటికి వెళ్లేవారు పాటించవలసిన జాగ్రత్తలు

జారిపడి మణికట్టు విరిగినవారికి ఇప్పుడు ఒళ్లంతా మత్తు ఇవ్వనవసరం లేకుండా, మెడ కింది ఎముక పైభాగంలోగాని చంకలోగాని ఉండే నరాల చుట్టూ మందు ఎక్కించి, ఆ ఒక్క చేతినే మొద్దుబార్చి, ఎముక సరిచేసి సాయంత్రానికి ఇంటికి పంపుతున్నారు. ఇది మంచి పద్ధతి. అయితే మత్తు దిగక ముందే రోగి బస్సెక్కుతాడు కనుక, ఆస్పత్రిలో నర్సు చూసుకోవలసిన పని ఇంటివాళ్ల మీద పడుతుంది.

చేతికే కదా అని ఉదయం చోడి (రాగి) అంబలి తాగి రాకూడదు. అది భోజనం కిందే లెక్క. సూది పనిచేయకపోతే పూర్తి మత్తు ఇవ్వవలసి వస్తుంది కాబట్టి, తేలికపాటి ఆహారమైనా ఆరు గంటల ముందే ఆపాలి. మంచినీళ్లు రెండు గంటల ముందు వరకు తాగవచ్చు.

కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపునుంచి వచ్చేవారికి మరీ మరీ చెప్పవలసిన మాట ఒకటుంది. శ్రీకాకుళం జిల్లాలోని ఈ ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు పైకి ఏ లక్షణమూ కనిపించకుండానే ముదురుతుంది. అందుచేత కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష కాగితం మత్తు డాక్టరుకు చూపించాలి; డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి బిళ్లలు మందుల దుకాణంలో అడిగి కొనుక్కుని మింగకూడదు. రక్తం పలచబడే మందులు వాడుతుంటే అదీ ముందే చెప్పాలి.

సూది వేస్తున్నప్పుడు చెవుల్లో గింగురుమన్నా, నాలుక తిమ్మిరెక్కినా, నోరు ఇనుము రుచి అనిపించినా వెంటనే చెప్పాలి. మందు రక్తంలో కలుస్తోందనడానికి అవి తొలి గుర్తులు.

మొద్దుబార్చే మందుల్లో లిగ్నోకైన్ ప్రభావం కొన్ని గంటల్లో తగ్గుతుంది. బుపివకైన్ ఇస్తే మరునాటి తెల్లవారేదాకా చేయి మొద్దుగానే ఉండవచ్చు. అంతసేపూ ఆ చేయి తనది కానట్టే వేలాడుతుంది, నిద్రలో జారి మొహం మీద పడుతుంది. కనుక మెడకు కట్టిన పట్టీ తీయకుండా, బస్సులో కిటికీ పక్కన కాక లోపలివైపు కూర్చోబెట్టి, ఇంట్లో పొయ్యి దగ్గరికి పోనివ్వకుండా చూడాలి. చర్మం కాలినా తెలియదు. కట్టు బిగుసుకున్నా నొప్పి తెలియదు కాబట్టి, గంటకోసారి వేళ్లు చూడటం నేను అన్నిటికన్నా ముఖ్యమంటాను. గోరు నొక్కి వదిలితే తెల్లబడి వెంటనే ఎర్రబడాలి. వేళ్లు నీలంగా మారినా, చల్లబడినా, ఆయాసం వచ్చినా తెల్లవారేదాకా ఆగకూడదు.

మత్తు దిగేటప్పుడు నొప్పి ఒక్కసారిగా ముంచుకొస్తుంది. వేళ్లలో చిమచిమ మొదలవగానే డాక్టరు రాసిన బిళ్ల వేయాలి. అప్పటికి మొదలుకాకపోయినా పడుకునే ముందు ఒకటి వేయాలా అని ముందే అడిగి ఉంచుకోవాలి. మరునాడు, సూది వేసిన సమయానికి కూడా స్పర్శ రాకపోతే ఫోన్ చేయాలి. ఇచ్చిన మందు పేరు, ఇచ్చిన సమయం చీటీ మీద రాయించుకుని బయలుదేరాలి. డాక్టరు మొదట అడిగేవి ఆ రెండే.