మెదడువాపు పరీక్ష: వెన్నునీటి రిపోర్టు తికమక పెడితే ఎక్కడ వెతకాలి

పిల్లవాడు జ్వరం, ఫిట్స్‌తో వచ్చి స్పృహ లేకుండా వార్డులో ఉంటాడు. దోమ ద్వారా వచ్చే మెదడువాపు, అంటే జపనీస్ ఎన్‌సెఫలైటిస్ (జేఈ) కోసం ఐజీఎం ఎలైసా అనే యాంటీబాడీ పరీక్షకు పంపిన వెన్నునీరు (నడుములో సూదితో తీసే ద్రవం) మాత్రం నెగెటివ్. 'ల్యాబ్‌లో ఏదో తేడా జరిగింది, మళ్లీ చూడండి' అని వార్డు నుంచి ఫోన్ వస్తుంది. అప్పుడు నేను ముందు కిట్‌ను అనుమానించను. శాంపిల్‌తో వచ్చిన ఫారం తీసి 'జ్వరం మొదలైన తేదీ' అనే గడి చూస్తాను. చాలాసార్లు అది ఖాళీగానే ఉంటుంది.

జబ్బు కళ్లముందే ఉంది, వెన్నునీరు నెగెటివ్

ఎక్కువసార్లు కారణం ఒకటే: శాంపిల్ మరీ తొందరగా తీశారు. ఈ పరీక్ష వైరస్‌ను వెతకదు, వైరస్ మీద శరీరం తయారుచేసే ఐజీఎం యాంటీబాడీని వెతుకుతుంది. అది సాధారణంగా జబ్బు మొదలైన 3 నుంచి 8 రోజుల మధ్య దొరకడం మొదలవుతుంది. రెండో రోజు తీసిన నీటిలో కనబడలేదంటే జబ్బు లేదని కాదు.

ఒకసారి మా దగ్గరికి వచ్చిన ట్యూబు మీద అడ్మిషన్ తేదీ ఒక్కటే ఉంది. నెగెటివ్ అని పంపేశాం. తర్వాత తెలిసింది, ఆ పాపకు జ్వరం ముందురోజు సాయంత్రమే మొదలైందట. పదో రోజు తీసిన రక్తంలో పాజిటివ్ వచ్చింది. మొదటి రిపోర్టు కింద ఒక్క లైను రాసి ఉండాల్సిందని ఇప్పటికీ బాధపడతాను.

ఏం చేయాలి: వార్డుకు ఫోన్ చేసి తేదీ రాబట్టండి. తొలి రోజుల శాంపిల్ అయితే ఆ మాట రిపోర్టులోనే రాసి, జబ్బు పదో రోజున గానీ డిశ్చార్జి రోజున గానీ రెండో సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవం) అడగండి. నడుములో మళ్లీ సూది అంటే ఇంట్లోవాళ్లు భయపడతారు, రక్తమైతే ఇస్తారు. పీసీఆర్ (వైరస్ జన్యు పదార్థాన్నే వెతికే పరీక్ష) చేస్తే తేలుతుందని కొందరు అడుగుతారు. ఈ వైరస్ రక్తంలో కొద్దిగా, కొద్దిరోజులే ఉంటుంది, మెదడు లక్షణాలు వచ్చేసరికి తరచూ దొరకదు. కాబట్టి పీసీఆర్ నెగెటివ్ చూసి దీన్ని కొట్టేయకూడదు.

తేదీ సరిగ్గా ఉండి, రెండోసారీ నెగెటివే వస్తే వేరే దారి చూడాలి. మెదడువాపు తేగల ఇతర జబ్బులు హెర్పిస్, స్క్రబ్ టైఫస్, చాందీపుర గుర్తుకు రావాలి. 2003లో ఆంధ్రప్రదేశ్‌లో ఎంతోమంది పిల్లలను పొట్టనపెట్టుకున్న చాందీపుర వైరస్ ముఖ్యంగా ఇసుక ఈగల వల్ల వస్తుంది. గంటల్లో ముదిరిపోతుంది గనుక అక్కడ యాంటీబాడీ కోసం ఎదురుచూడకుండా ఆర్టీపీసీఆర్‌కే (పీసీఆర్‌లో ఒక రకం) పంపాలి.

రక్తంలో పాజిటివ్, వెన్నునీటిలో నెగెటివ్

తొలి రోజుల శాంపిల్ కాకపోతే, ఇక్కడ తొందరపడి 'జేఈ' అని రాసేయకండి. ఈ వైరస్ సోకినవాళ్లలో మెదడువాపు వచ్చేది 100 మందిలో ఒక్కరికి కూడా కాదు. మిగతావాళ్లకు ఏమీ తెలియకుండానే రక్తంలో ఐజీఎం పుడుతుంది. ఈమధ్యే టీకా వేసినా పుడుతుంది. మన దగ్గర ఈ జబ్బున్న జిల్లాల్లో 9 నెలలకు, మళ్లీ 16-24 నెలల మధ్య టీకా వేస్తారు కాబట్టి కార్డు తెప్పించి తేదీ చూడండి. ఐజీఎం పెద్ద అణువు, రక్తంలోంచి వెన్నునీటిలోకి తేలిగ్గా దిగదు. అందుకే వెన్నునీటిలో దొరికిందంటే అది చాలా బలమైన సాక్ష్యం.

వెన్నునీరు గులాబీ రంగులో ఉంది

ట్యూబులను తెల్ల కాగితం ముందు వరుసగా పట్టుకోండి. మొదటిది ఎర్రగా, మూడోది నీళ్లలా తేటగా ఉంటే అది సూది గుచ్చినప్పుడు కలిసిన రక్తమే. రక్తంలోని ఐజీఎం ఇలా కలిసి దొంగ పాజిటివ్ ఇవ్వగలదు. చివరి ట్యూబు వాడండి, రక్తం కలిసిందని రిపోర్టులో రాయండి, అదే రోజు సీరం కూడా పెట్టండి.

జేఈ, డెంగీ రెండూ పాజిటివ్

రెండూ ఒకే కుటుంబం వైరస్‌లు, వెస్ట్ నైల్ కూడా అంతే. యాంటీబాడీ ఒకదానికి పుట్టి ఇంకోదాన్నీ పట్టుకుంటుంది. రెండు కిట్లూ ఒకే శాంపిల్ మీద పక్కపక్కన నడిపి ఏది బలంగా ఉందో చూడండి. అయినా తేలకపోతే న్యూట్రలైజేషన్ పరీక్ష (యాంటీబాడీ ఏ వైరస్‌ను నిజంగా అడ్డుకుంటుందో చూసేది) కోసం పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థ (ఎన్ఐవీ) లాంటి రిఫరెన్స్ ల్యాబ్‌కు పంపాల్సిందే.

ప్లేటు దగ్గరే తేడా

ఎలైసా ప్లేటులోని చిన్న గుంటలు (వెల్స్) అన్నీ రంగెక్కితే వాషింగ్ సరిగ్గా జరగలేదు. పాజిటివ్ అని ముందే తెలిసిన కంట్రోల్‌లో కూడా రంగు రాకపోతే కంజుగేట్ (రంగు తెప్పించే పెరాక్సిడేజ్ ఎంజైమ్ తగిలించిన యాంటీబాడీ) పాడైందేమో, బఫర్‌లో సోడియం అజైడ్ ఉందేమో చూడండి, అది పెరాక్సిడేజ్‌ను చంపేస్తుంది. సీరం బాగుండి వెన్నునీళ్లన్నీ మరీ తక్కువ రీడింగ్ ఇస్తుంటే డైల్యూషన్ (పలచన చేసే లెక్క) తప్పై ఉంటుంది. వెన్నునీటిలో యాంటీబాడీ తక్కువ కాబట్టి దాన్ని సీరం అంతగా పలచన చేయకూడదు, కిట్ కాగితంలో రెండింటికీ వేర్వేరు లెక్క ఉంటుంది.

శాంపిల్ ఆలస్యంగా వస్తుందంటే ఎలైసా ట్యూబు ఫ్రిజ్‌లో పెట్టమనండి. బ్యాక్టీరియా కల్చర్ ట్యూబు మాత్రం ఫ్రిజ్‌లో పెట్టొద్దని అదే ఫోన్‌లో చెప్పండి, చలికి ఆ సూక్ష్మజీవులు చచ్చిపోతాయి.