సహదేవిని ఇలా పోల్చుకోండి

వానలు పడ్డాక మన చిత్తూరు మామిడితోపుల గట్ల మీద చిన్న ఊదా పూల మొక్క లేస్తుంది. కలుపని పీకేయకండి, పాపం! అది సహదేవి కావచ్చు. గరిటికమ్మ అన్నా ఇదే. ఒక పూవు తెంపి కంటి దగ్గర పెట్టుకుని చూడండి. చామంతికున్నట్టు చుట్టూ రేకులుండవు, అన్నీ సన్నటి గొట్టం పూలే, కుచ్చులా ఉంటాయి. ఆకులు ఒకటి విడిచి ఒకటి వస్తాయి. ఎదురెదురుగా జంటగా ఉన్నా, ఆకు మొదలు కాడను చుట్టుకుని ఉన్నా అది వేరే మొక్క.

పెంచాలంటే, పూలు వాడి తెల్ల నూగు విచ్చుకోగానే, గాలికి ఎగిరిపోకముందే విత్తనాలను పొట్లంలోకి దులపండి. ఎర్రమట్టిలో కాస్త ఇసుక కలిపి, పైన చల్లి అరచేత్తో అదమండి. మట్టి మాత్రం కప్పొద్దు. నీళ్లు చిలకరించాలి, పోయకూడదు. తిరుపతిలో మా మిద్దె మీద ఎండలోనే పెట్టాను, సీతాకోకచిలుకలు వాలుతున్నాయి.